ఛార్జింగ్ పెట్టి పంపుతూనే వారంటీ గడువు దాటించారు

ప్రశ్న: నమస్కారం సార్. మాది నరసరావుపేట. నేను టీచర్ని. మా చిన్న కారుకు 18+18 నెలల వారంటీ (మొదటి 18 నెలల్లో పోతే ఫ్రీగా కొత్తది, తర్వాతి 18 నెలల్లో పోతే డిస్కౌంటు) ఉన్న బ్యాటరీ 5,200 రూపాయలకు కొన్నాం. 14వ నెలలో ఒకరోజు పొద్దున్నే సెల్ఫ్ తిరగలేదు. కొన్న షాపుకే తీసుకెళ్తే రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, 150 రూపాయలు తీసుకుని ఇచ్చారు. నెలన్నరకి మళ్లీ అదే. 17వ నెలలో మూడోసారి వెళ్తే, ‘బ్యాటరీ బాగానే ఉంది మేడమ్, బండి రోజూ తీయండి’ అన్నారు. ఇప్పుడు 19వ నెల. బ్యాటరీ పోయిందని వాళ్లే అంటున్నారు. కానీ ఫ్రీగా ఇచ్చే గడువు అయిపోయింది కాబట్టి డిస్కౌంటు మాత్రమే ఇస్తారట. మూడుసార్లు వెళ్లినట్టు వారంటీ కార్డు మీద ఏమీ రాయలేదు. ఇప్పుడు నేను ఏం చేయగలను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ, స్పేర్ పార్టుల షాపు కౌంటర్లో పదిహేడేళ్లు పనిచేశాను. మీ షాపువాళ్లు చేసిన పని నేనూ చేశాను. ఒక ట్యాక్సీ డ్రైవరు రెండు నెలల్లో రెండుసార్లు బ్యాటరీ మోసుకొచ్చాడు. రెండుసార్లూ ఛార్జింగ్ పెట్టి పంపాను, కార్డు మీద ఒక్క అక్షరం రాయలేదు. మూడోసారి వచ్చేసరికి గడువు దాటి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులు నేను తిన్నవే. కొత్త బ్యాటరీకి డబ్బు లేక పాతదే మోసుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

షాపువాళ్లు ఎందుకలా చేస్తారో చెబుతాను. వారంటీ ఇచ్చేది కంపెనీ. షాపువాడు బ్యాటరీని కంపెనీ సర్వీసు వాళ్లకు పంపాలి, వాళ్లు టెస్టు చేయాలి. ‘బ్యాటరీ మంచిదే, డిశ్చార్జి అయిందంతే’ అని తిప్పి పంపితే ఆ తిరుగుడంతా షాపు నెత్తిన పడుతుంది. అందుకని ముందు ఛార్జింగ్ పెట్టి చూస్తారు. అలా చూడటంలో తప్పులేదు, నిజంగానే చాలా బ్యాటరీలు ఛార్జింగ్‌తో కోలుకుంటాయి. వచ్చిన తేదీ రాయకపోవడమే తప్పు.

గొడవకు దిగేముందు ఒకటి తేల్చుకోండి. లోపం బ్యాటరీదా, బండిదా? దగ్గర్లోని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపిస్తే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. 13 కూడా దాటకపోతే బ్యాటరీకి తిండి అందడంలేదు, కొత్తది పెట్టినా మూడు నెలల్లో ఇదే కథ. ఇక బ్యాటరీ సంగతి. నిండా ఛార్జ్ చేసి, తీసి, నాలుగైదు గంటలు వదిలేసి కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ చచ్చిపోయినట్టే. కొన్నిసార్లు 12.6 చూపించి కూడా మోసం చేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు జారుతుందో చూడమనండి. 9.6 కన్నా కిందికి పోతే లోడ్ మొయ్యలేకపోతోందని అర్థం. అందుకే లోడ్ టెస్టు చేయకుండా ‘బాగానే ఉంది’ అనే మాటకు విలువ లేదు. మీ షాపులో ఆ మూడుసార్లూ లోడ్ టెస్టు చేశారా? చేస్తే దాని స్లిప్పు ఏదని అడగండి. ఆ తర్వాత కెమెరా, జీపీఎస్ లాంటివి ఏవైనా బయట బిగించారేమో కూడా చూడండి. బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు లాగేది 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు.

లోపం బ్యాటరీదే అని తేలితే మీరు 14వ నెలలోనే ఫిర్యాదు చేసినట్టు రుజువు కావాలి. కార్డు మీద రాయలేదని దిగులుపడకండి. ఆ 150 రూపాయలు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టి ఉంటే తేదీ, సమయం, షాపు పేరు అన్నీ అందులోనే ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీయండి. ‘బ్యాటరీ రెడీ అయింది, వచ్చి తీసుకెళ్లండి’ అని వాళ్లు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్, మీరు చేసిన కాల్స్ తేదీలు కూడా పనికొస్తాయి. ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి.

షాపుతో వాదించి అలసిపోకుండా వారంటీ కార్డు మీదున్న కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేయండి. బిల్లు నంబరు, బ్యాటరీ మీది సీరియల్ నంబరు దగ్గర పెట్టుకోండి. మొదటిసారి 14వ నెలలోనే ఇచ్చామని, తేదీలతో సహా చెప్పండి. కంప్లైంట్ నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి. వాళ్లు కాదంటే, ఎందుకు కాదో మెయిల్లో రాయమనండి. నేను కౌంటర్లో ఉండగా చూసింది ఇదే: నోటితో పది నిమిషాలు కాదన్నవాళ్లు కూడా ‘అదే మాట రాసి సంతకం పెట్టండి’ అంటే మెత్తబడతారు.

డిస్కౌంటు లెక్క కూడా తెలుసుకోండి. దాన్ని షాపుల్లో ప్రొరేటా అంటారు. అది ఎమ్మార్పీ మీద లెక్కగడతారు, మీరు కొన్న ధర మీద కాదు. ఎమ్మార్పీ 6,800 అనుకుందాం. 35 శాతం తగ్గిస్తే 4,420 కట్టాలి. పాత బ్యాటరీ ఇచ్చేసి అదే రకం కొత్తది బజార్లో మామూలుగా కొన్నా 5,200కే వచ్చింది కదా. అంటే మీకు మిగిలేది 780 రూపాయలు. ఇందులోనూ పాత బ్యాటరీ ఇచ్చేయాల్సిందే. అందుకని ‘35 శాతం వస్తోంది కదా’ అని వెంటనే ఒప్పేసుకోవద్దు. ఇంకో సంగతి. ఫ్రీగా కొత్తది ఇచ్చినా మళ్లీ మొదటినుంచి 36 నెలలు రావు. చాలా కంపెనీలు పాత బ్యాటరీ కొన్న తేదీ నుంచే లెక్కిస్తాయి. కొత్త కార్డు మీద ఏ తేదీ వేస్తున్నారో అక్కడే చూసుకోండి.

కంపెనీ కూడా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివాసముండే చోటే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. ముందు షాపుకూ కంపెనీకీ స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. అయిదు వేల బ్యాటరీకి ఇంత టెన్షన్ ఎందుకని ఇంట్లో ఎవరైనా అంటారేమో. మీరు చెమటోడ్చి సంపాదించిన డబ్బు అది. అడగండమ్మా.

ప్రశ్న: కొత్త టైరు వేయించి నాలుగు నెలలే అయింది. పక్కన కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. గుంతలో పడిందని చెప్పి డీలర్ వారంటీ లేదంటున్నాడు. నేను మాత్రం బండి జాగ్రత్తగానే నడుపుతాను. - ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఆ టైరు తీసి స్టెప్నీ వేయండి, మిగతాది తర్వాత చదవండి. ఉబ్బిన టైరు హైవే మీద ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు.

మీకు నచ్చకపోవచ్చు కానీ ఈ విషయంలో డీలర్ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. టైరు పక్క గోడ లోపల దారాల పొర ఉంటుంది. గుంత అంచుకో, డివైడర్‌కో కొట్టుకున్నప్పుడు టైరు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి ఆ దారాలు తెగుతాయి. అక్కడ గాలి బయటికి తోస్తుంది. దెబ్బ తగిలిన చాలా రోజులకు ఉబ్బు కనపడొచ్చు కాబట్టి మీకు గుర్తులేకపోవడం సహజమే. టైరు విప్పించి లోపలి వైపు చూడండి. నలిగిన గీత ఉంటే దెబ్బే. లోపల ఎక్కడా గుర్తు లేకపోతే మాత్రం వదలొద్దు. డీలర్ మాట చాలదు, కంపెనీ ఇంజినీరు చూసి రాతపూర్వకంగా చెప్పాలని పట్టుబట్టండి.

కొన్ని కంపెనీలు కొన్ని టైర్లకు గుంతల దెబ్బకు కూడా వర్తించే వారంటీ ఇస్తున్నాయి. కానీ కొన్న కొద్ది రోజుల్లోనే ఫోన్లో రిజిస్టర్ చేసుకోవాలి. ఈసారి కొనేటప్పుడు అడగండి. టైరు మీద డాట్ (DOT) అని ఉన్న వరసలో చివరి నాలుగు అంకెలు కూడా చూడండి. 3124 అని ఉంటే 2024లో 31వ వారంలో తయారైందని. షాపులో రెండేళ్లుగా పడున్న టైరును కొత్తదని అంటగట్టే అవకాశం ఉండదు.

ప్రశ్న: మెకానిక్కే క్లచ్ ప్లేటు తెచ్చి వేశాడు. రెండు నెలలకే జారుతోంది. బిల్లు అడిగితే ‘నా మీద నమ్మకం లేదా’ అంటున్నాడు. - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నమ్మకం వేరు, బిల్లు వేరు. మెకానిక్‌కు బిల్లు ఇచ్చిన షాపు ఒకటి ఉండే ఉంటుంది కదా. కోపం లేకుండా ఆ షాపు పేరు అడగండి. మీరే వెళ్లి డూప్లికేట్ బిల్లు తీసుకోండి. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పార్టు మార్చి ఇచ్చినా లేబర్ చార్జీ మాత్రం మామూలుగా వారంటీలో రాదు. క్లచ్ కోసం గేర్‌బాక్సు దించాలి కాబట్టి ఆ ఖర్చే ఎక్కువ. దాని గురించి మెకానిక్‌తో ముందే మాట్లాడుకోండి. దించినప్పుడు ఆయిల్ సీలు కారుతోందేమో పక్కనుండి చూడండి. ఆయిల్ పడి జారుతుంటే ప్లేటు తప్పు కాదు. తీసిన పాత ప్లేటును అక్కడ వదిలేయకుండా సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. షాపువాడు ముందు అడిగేది దాన్నే.