రియల్ ఎస్టేట్‌లో పరిచయాలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది కడప. ఈ ఏడాదే బీకాం అయిపోయింది. రియల్ ఎస్టేట్ ఏజెంటుగా చేయాలనుంది. నాన్న ఆటో నడుపుతారు, మాకు పెద్దవాళ్లెవరూ తెలియదు. పరిచయాలు పెంచుకోవడం ఎలా? ఒక మార్కెటింగ్ కంపెనీ వాళ్లు చేరమని అడుగుతున్నారు, చేరమంటారా?

జవాబు: ఫోన్లో రెండు వేల నంబర్లున్న ఏజెంటు కంటే, ‘ఆ అబ్బాయి కాగితాలు చూడందే స్థలం చూపించడు’ అని పదిమంది అనుకునే ఏజెంటుకే బేరాలు తెగుతాయి. అందుకే విజిటింగ్ కార్డులు అచ్చు వేయించే ముందు కాగితాలు చదవడం నేర్చుకోండి.

ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్ (పొలం, సాగు వివరాలు), 1-బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పేది) తీయడం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయడం, సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములవి) ఉందేమో చూడటం వారంలో చేతికొస్తాయి. అసలు తెలుసుకోవాల్సింది ఈసీలో కనపడనివి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, అన్నదమ్ముల నోటిమాట పంపకాలు, రిజిస్టరు చేయించని వీలునామా అందులో ఉండవు. ఈసీ శుభ్రంగా ఉన్నా ఆఖరి నిమిషంలో ఆడపడుచు వచ్చి ‘నా సంతకం ఏది?’ అంటే బేరం ఆగిపోయేది ఇందుకే. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) తక్కువకు వస్తోందని ఎవరైనా చెబితే, 22ఎ చూడకుండా ఇంకొకరికి ఆ మాట కూడా చేరవేయకండి. లెక్క కూడా నోటికి రావాలి: సెంటు అంటే 48.4 చదరపు గజాలు. రైతు సెంట్లలో చెప్తాడు, లేఅవుట్ వాళ్లు గజాల్లో చెప్తారు. 5 సెంట్లు 242 గజాలని టక్కున చెప్పలేకపోతే ఎదుటివాడికి మీమీద గురి కుదరదు.

ఇక మనుషులు. మీకు ఎవరూ తెలియదన్నారు కానీ నాన్నగారి ఆటో స్టాండే మీ మొదటి ఆస్తి. ఎర్రముక్కపల్లిలో ఏ ఇంటికి టులెట్ బోర్డు పడింది, ఎవరు బదిలీ మీద సామాన్లు సర్దుతున్నారు అన్నది ఆటోవాళ్లకు ముందు తెలుస్తుంది. అద్దె ఇళ్లతో మొదలుపెట్టండి. కమీషన్ చిన్నదే, కానీ రోజుల్లో తేలిపోతుంది, ఇంటి ఓనరుతో పరిచయం మిగులుతుంది. రేపు ఆయన అమ్మాలనుకున్నప్పుడు గుర్తొచ్చేది మీరే.

రెండోవాడు దస్తావేజులు రాసే రైటరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర రద్దీ వేళ వెళ్లి ‘పార్టీలుంటే చెప్పండి సార్’ అంటే ఆయన తలెత్తి కూడా చూడడు. సాయంత్రం పని తగ్గాక ఒక పాత దస్తావేజు నకలు పట్టుకెళ్లి, ‘లింకు డాక్యుమెంట్లలో (ఆ స్థలం ఇదివరకు చేతులు మారిన దస్తావేజులు) ఏదైనా తగ్గిందా?’ అని అడగండి. మీ పార్టీ వచ్చిన రోజు లింకు దస్తావేజులు, ఈసీ, ఆధార్, పాన్ జిరాక్సులు వరసగా పెట్టి ఇవ్వండి. ఆయన పని సగం తగ్గించినవాణ్ణి ఆయన మరిచిపోడు. బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ రాసే లాయరు, లైసెన్సు ఉన్న సర్వేయరు, హోంలోన్లు చూసేవాళ్లు, ఇళ్లు కట్టే మేస్త్రీ, ఒక్కొక్కరు చాలు. అందరితోనూ పద్ధతి ఒకటే: అడిగే ముందు వాళ్లకు ఉపయోగపడండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. కలిసిన రోజే పేరు, ఏం కావాలి, ఎంతలో, ఎప్పటిలోగా, సొంత డబ్బా లోనా, ఏ ముఖం అని రాయండి. ముఖం సంగతి తీసిపారేయకండి. తూర్పు కావాలన్నవాడికి దక్షిణం చూపిస్తే, అందులోనూ వీధిపోటు ఉంటే, తర్వాత మీ ఫోన్ ఎత్తడు. వాట్సాప్ గ్రూపులో రోజూ నలభై ప్లాట్లు పడేయడం కంటే ఒక్కరికి ఒక్కటే పంపండి: ‘అన్నా, మీరడిగినట్టే రాయచోటి రోడ్డులో 3 సెంట్లు, తూర్పు ముఖం. ఈసీ చూశాను. ఆదివారం పొద్దున చూద్దామా?’ ముక్కూమొహం తెలియనివాళ్లకు వరసగా ఫోన్లు కొట్టొద్దు, ఫిర్యాదు వెళ్తే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద నంబరు ఆగిపోవచ్చు.

తోటి ఏజెంట్లను పోటీదారులనుకుంటే మీకే నష్టం. పార్టీ ఒకరి దగ్గర, స్థలం ఇంకొకరి దగ్గర ఉండటం మామూలే. గొడవంతా కమీషన్ దగ్గరే వస్తుంది కాబట్టి స్థలం చూపించక ముందే మెసేజ్ పెట్టండి: ‘ఈ పార్టీని నేను తెస్తున్నా. కమీషన్ చెరి సగం, రిజిస్ట్రేషన్ రోజే. సరేనా?’ అవతలి నుంచి సరే అని వచ్చాకే బండి తీయండి. టోకెన్ అడ్వాన్సు మీ చేత్తో తీసుకోకండి, అమ్మేవారి ఖాతాలోకే వేయించండి. అడ్వాన్సుగా 20,000 రూపాయలు, ఆ పైన నగదు తీసుకుంటే అమ్మినవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడే వీలుంది.

మన జిల్లాలో కువైట్ వెళ్లినవాళ్లు ఎక్కువ. వాళ్ల స్థలాలు ఇక్కడి అన్నో బావమరిదో పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్ముతుంటారు. అది అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిందై ఉండాలి. ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి గడువు దాటకుండా చూస్తే, ఆ కుటుంబం అక్కడి పదిమందికి మీ పేరు చెప్తుంది.

కంపెనీ విషయం. 2016 నాటి రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను, 8కి మించిన ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటును రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అలాంటివి అమ్మించే ఏజెంటుకూ సొంత రెరా నంబరు ఉండాలి. లేకుండా చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా ఉంది. కాబట్టి వాళ్లను మూడు అడగండి: ప్రాజెక్టు రెరా నంబరెంత, లేఅవుట్ ఎల్పీ నంబరెంత (లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి నంబరు), నాకు నెల జీతమెంత. ‘ఇది ప్రీ లాంచ్, నంబరు తర్వాత వస్తుంది’ అన్నా, మొదటిరోజే బంధువుల నంబర్లు వంద రాయమన్నా లేచి వచ్చేయండి. మూడింటికీ సూటిగా జవాబు చెబితే ఏడాదిపాటు చేరి పని నేర్చుకోండి. అద్దె ఇళ్ల పని మాత్రం మానకండి.