వేరు కుళ్లుతుంటే ఆకుకు మందు కొడితే ఏమొస్తది?

తమ్మీ, దేవరకొండ దిక్కు మీ ఆరేండ్ల బత్తాయి తోటల చెట్లు ఒక పక్క కొమ్మలు పసుపుపచ్చగయి ఎండుతున్నయి, ఏ మందు కొట్టాలె అని అడిగినవ్. ఏ మందూ కొట్టకు. ఈ వారమైతే అసలే కొట్టకు.

మాది మన నల్గొండ జిల్లానే, కనగల్ దగ్గర. నాలుగెకరాల ఎర్ర చెల్క, 250 సాత్‌గూడి రకం బత్తాయి చెట్లు. 2016 ఎండాకాలం నీకు యాదికుండే ఉంటది. వరుసగ వానల్లేక మా రెండు బోర్లూ ఎండినయి. చెట్లను చంపుకోలేక ట్యాంకర్లు తెప్పించినం. కొన్న నీళ్లాయె, చుక్క పక్కకు పోవద్దని మా నాయిన ప్రతి చెట్టు మొదలు చుట్టూ చిన్న గుంట తీసి, పైపు తెచ్చి సరిగ్గ మాను మీదనే పెట్టేటోడు. సెప్టెంబర్‌ల వానలు దంచికొట్టినయి, అవే గుంటలు మళ్ల నిండినయి. తోట బతికిందని అమ్మ మైసమ్మకు కోడిని కోసింది.

తర్వాతి ఫిబ్రవరి. బోరు పక్కనున్న చెట్టొకటి ఆకు కనపడకుంట పూసింది. అసుంటి పూత నేను పుట్టినకాన్నుంచి చూడలె. దారిన పొయ్యేటోళ్లు కూడ ఆగి చూసేటోళ్లు. కాయ కూడ గుత్తులు గుత్తులు పట్టింది. ఇగ అప్పులు తీరినట్టే అనుకున్నం. తోటను గుత్తకు మాట్లాడనీకి ఒక బేరగాడు వచ్చిండు. వరుస వెంట లెక్క పెట్టుకుంట వచ్చి, ఆ చెట్టు దగ్గర ఆగి, కాయను ముట్టనన్న ముట్టకుంట ముందుకు పోయిండు. "గిదెందుకు ఇడిసినవ్ సేటూ?" అని నాయిన అడిగితే, "ఇది సచ్చే చెట్టు పూసిన పూత పటేలా, నా లెక్కల పట్టది" అన్నడు. నాయినకు మస్తు కోపమొచ్చింది. ఆ రోజు బేరం కుదరలె.

నెల దాటంగనె దక్షిణం పక్క కొమ్మలు వాడినయి. నేను మందుల దుకాణానికి ఉరికిన. ఆకు చూపిస్తే ఆయన మూడు సీసాలు చేతుల పెట్టిండు, ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి టానిక్. కాలుకు ముల్లిరిగితే నెత్తికి జిందా తిలిస్మాత్ రాసినట్టు నేను ఆకులన్నీ తడిపిన. చెట్టు ఎండుడు ఆగలె. ఆఖరికి నాయిన గడ్డపార తీసుకొని ఆ దక్షిణం పక్కనే తవ్విండు. ఏలంత లావు వేరు దొరికింది. పట్టి గుంజితే తొక్క ఉడకబెట్టిన చామగడ్డ పొట్టు లెక్క ఊడి చేతికొచ్చింది. లోపల కట్టె గోధుమ రంగుకు తిరిగింది. వాసన చెప్పలేను. ఆ ఒక్క యేడు 37 చెట్లు పోయినయి.

దీన్నే ఎండు తెగులంటరు, వేరుకుళ్లనీ అంటరు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం ఎప్పుడూ మట్టిలనే ఉంటది, ఆరోగ్యమైన వేరు జోలికి తొందరగ రాదు. మనమే దానికి దారి ఇస్తం. పూత కోసం నీళ్లు ఆపి చెట్లను వాడబెడతం, ఆ ఎండిన వేరు మీద ఒక్కసారి నీళ్లు ఇడుస్తం, ఆ పైన రోటవేటర్‌ను మాను దాక తిప్పి సన్న వేర్లు తెంపుతం. నేనేం సర్వే చేసినోణ్ణి కాదు గని, మన జిల్లాల పోయిన తోటల్ల సగానికి సగం రోగంతోటి కాదు, నీళ్లు పెట్టే తీరుతోటి పోయినయని రాసిస్త.

మొక్కల సంగతి కూడ చెప్పాలె. బత్తాయిని వేరే నిమ్మజాతి మొక్క వేరు మీద అంటు కడతరు. రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు ఈ తెగులును తట్టుకుంటయి, జంబేరి మీద కట్టినయి అంత తట్టుకోవు. మాకు రంగపూర్ అని చెప్పే అమ్మిన్రు. అంటు కింద నుంచి లేచిన పిలక ఒకటి తీయకుంట మరిచిపోతే, ఏండ్ల తర్వాత అది కాసింది. రంగపూర్ అయితే కాయ నారింజ రంగుల ఉండాలె. మాది పసుపు, తొక్కంత గరుకు. జంబేరి! అప్పుడు ఎవరిని అడగాలె? కాయ అమ్మవోతే టన్నుకు ఇంత సూటు (తూకంల తరుగు) అని మన దగ్గర కోస్తరు, మంగు పట్టిందని ధర కోస్తరు. మంగు నల్లి తొక్క మీదనే గీకుతది, లోపల తొన తియ్యగనే ఉంటది. సరే, అది వేరే పంచాయితి.

మేం ఏం చేసినమో చెప్త. పూర్తిగ ఎండినయి వేర్లతోటి సహా తీసి కాలబెట్టినం, గుంతలు ఎండాకాలమంత తెరిచి ఉంచినం. సగం ఎండిన వాటికి కుళ్లిన వేరు కోసి, ఆ పక్క కొమ్మలు కూడ తగ్గించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పాది తడిసేదాక పోసినం. ఇరవై రోజులు ఆగి ట్రైకోడెర్మా ఏసినం, అది చెడ్డ శిలీంధ్రాన్ని అణిచే మంచి శిలీంధ్రం. రెండూ ఒక్కసారి ఏస్తే రాగి మందు ట్రైకోడెర్మాను కూడ చంపుతది. 90 కిలోల మాగిన పశువుల పెంట, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చల్లి, నీడల గోనె సంచి కప్పి పది రోజులు పెట్టినంక పాదులకు ఏసినం. మానుకు మోకాలెత్తు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపింది) పూసినం. అన్నిటికన్న పని చేసింది మాత్రం రెండు పాదులు. మాను చుట్టు రెండడుగుల దాక మట్టి ఎగదోసి గట్టు కట్టు, నీళ్లు ఆ గట్టు బయటి పాదిలనే పారాలె. రూపాయి ఖర్చు లేదు. నాయిన పది రోజులు పారతోటి ఒక్కడే కట్టిండు, నన్ను ముట్టనియ్యలె.

ఇంకా అనుమానముంటే కొండమల్లేపల్లిల ఉద్యాన పరిశోధన కేంద్రముంది, నీకు దగ్గరే, వేరు ముక్క మట్టితోటి సహా పట్టుకపో. దానికన్న ముందు రేపు పొద్దుగాల గడ్డపార తీసుకొని, ఎండుతున్న పక్కనే అడుగున్నర తవ్వు. ఫొటో ఇక్కడ పెట్టు. ఆకుది కాదు, వేరుది.