చెన్నైలో పాత ఫ్లాటు కొని అద్దెకిచ్చేవారు మరమ్మతులకు ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలి?

మాంబళం, విల్లివాక్కం వంటి పాత పేటల్లో ఫ్లాటు కొన్న మన తెలుగువారిలో చాలామంది ముందుగా మాడ్యులర్ కిచెన్ గురించే అడుగుతారు. నా దృష్టిలో అది చివరన రావలసిన ఖర్చు. మొదటి ఖర్చు నీటి మీద పెట్టాలి. ఉప్పు బోరు నీరు పాత ఇనుప పైపులను లోపలి నుంచే తినేస్తుంది కనుక, బాత్రూం టైల్స్ వేయించడానికి ముందే పైపులను సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులకు మార్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక రోజంతా నేలపై నీరు నిలబెట్టి, కింది ఇంటి కప్పు చెమ్మగిల్లడం లేదని నిర్ధారించుకోవాలి. మేస్త్రి తొందరపెట్టినా ఈ పరీక్షను వదలకూడదు. అన్నిటికన్నా పై అంతస్తు అయితే, ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్ అనుమతితో డాబా వాటర్‌ప్రూఫింగ్ పనిని వేసవిలోనే ముగించాలి. ఇక్కడ ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. రంగులు ఆ తరువాతే.

తమిళనాడులో 2019 నుంచి అమలులో ఉన్న అద్దె చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రెంట్ అథారిటీ (అద్దె ఒప్పందాలను నమోదు చేసే ప్రభుత్వ అధికారి) వద్ద నమోదు కావాలి. పదకొండు నెలల కాగితంతో సరిపెట్టుకునే పాత అలవాటు చాలదు. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే గోడలకు సున్నం వేయించడం, పైపుల మార్పు, వైరింగ్ యజమాని బాధ్యత, కుళాయి వాషర్ల వంటి చిన్న పనులు అద్దెదారువి.

ఆదాయపు పన్నులో మరమ్మతుల బిల్లులను విడిగా తగ్గించుకోలేరు; ఆస్తిపన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం తగ్గింపు ఖర్చుతో నిమిత్తం లేకుండా లభిస్తుంది. అయినా శాశ్వతమైన మెరుగుదలల బిల్లులను దాచాలి, ఇల్లు అమ్మినప్పుడు మూలధన లాభం (అమ్మకంలో వచ్చిన లాభం) లెక్కకు అవి పనికివస్తాయి.