సాఫ్ట్‌వేర్ కొనే ముందు స్టోరు సర్దుకో

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ మెషిన్ షాపు స్టోరు లెక్క కుదరక సాఫ్ట్‌వేర్ కొనే ఆలోచనలో ఉన్నావని మీ అమ్మ చెప్పింది. కొనుక్కో, కాకపోతే ఒక మూడు నెలలు ఆగు. సరుకు స్టోరు గడప దాటినప్పుడు ఎవరూ రాయకపోతే కంప్యూటరుకు మాత్రం ఎలా తెలుస్తుంది?

మీ బాలానగర్ షెడ్డులాంటి మెషిన్ షాపుల్లో లెక్క ముందుగా తప్పేది ఉక్కు రౌండ్ బార్ల దగ్గర. కొనేది కిలోల్లో, కోసేది మిల్లీమీటర్లలో, షాపు వాళ్లు చెప్పేది పీసుల్లో. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 40 ఎంఎం బారు మీటరుకి 9.88 కిలోలు, అంటే 6 మీటర్ల బారు 59.3 కిలోలు. అందులోంచి 118 ఎంఎం పీసులు కోస్తున్నారనుకో. బ్లేడు 2 ఎంఎం తింటుంది కనుక పీసుకి 120 ఖర్చు. చివరి ముక్కని వైస్ పట్టుకోవాలి కాబట్టి 50 రావు, 49 వస్తాయి. ఆ 49 పీసుల బరువు 57.1 కిలోలే. మిగతా రెండు కిలోల పైచిలుకులో సగం పొట్టు, సగం చివరి ముక్క. వంద బార్లు కోసేసరికి ఏ దొంగా రాకుండానే 215 కిలోలు పుస్తకంలో ఉంటాయి, రాక్‌లో ఉండవు. అందుకని పీసుకి 1.166 కిలోలని రాయకు, 1.21 అని రాయి. చివరి ముక్కలు కాటా మీద పెట్టాకే తుక్కులోకి వెళ్లాలి.

ఇంకోటి. ఈఎన్8 బారూ (గట్టిపరచగలిగే ఉక్కు) మైల్డ్ స్టీల్ బారూ (మెత్తటి ఉక్కు) కంటికి ఒక్కలాగే ఉంటాయి. బండి దిగిన రోజే టెస్ట్ సర్టిఫికెట్ చూసి, బారుకి ఒక కొసన గ్రేడుకో రంగు వేయించి హీట్ నంబరు, అంటే ఆ ఉక్కు ఏ కరిగింపులోదో చెప్పే నంబరు, రాయించు. కోసేవాడు ఎప్పుడూ రంగు లేని కొస నుంచే మొదలుపెట్టాలి. రంగు ఉన్న కొస ముందు తెగిపోతే మిగిలిన బారు ఏమిటో ఎవరికీ తెలియదు. హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపిన షాఫ్టు గట్టిపడకుండా తిరిగొచ్చినప్పుడు అది మైల్డ్ స్టీలని బయటపడుతుంది. అప్పటికి మెషినింగ్ ఖర్చంతా అయిపోయి ఉంటుంది.

స్లిప్పు లేకుండా ఏదీ ఇవ్వొద్దు. ఈ కట్టుబాటు తెగేది నైట్ షిఫ్టులోనే. తాళం ఎవరి దగ్గరో ఉంటుంది, అవసరం తరుముతుంది, ‘పొద్దున రాద్దాంలే’ అంటారు. ఒక రాత్రికి సరిపడా ఇన్సర్టులు (టూలుకి బిగించే కోత ముక్కలు), సీళ్లు, బేరింగులు చిన్న బీరువాలో పెట్టి సూపర్‌వైజర్ సంతకంతో అప్పగించు. పొద్దున మిగిలినవి లెక్కపెట్టి తీసుకో. నట్లూ బోల్టులకి ఇంత తతంగం అక్కర్లేదు: రెండు డబ్బాలు పెట్టు, ఒకటి ఖాళీ కాగానే రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణానికి ఫోన్ చెయ్యి.

ఎప్పుడు ఆర్డరు పెట్టాలన్నది గుమాస్తా అంచనాకి వదలకు. రోజుకి 40 సీళ్లు వాడుతూ, సరుకు రావడానికి 10 రోజులు పడితే 400. దానికి నాలుగు రోజుల జాగ్రత్త నిల్వ 160 కలుపు. నిల్వ 560కి దిగగానే ఆర్డరు వెళ్లాలి. ఆ 10 రోజులు సప్లయర్ నోటిమాట కాకూడదు. ఆర్డరు పెట్టిన రోజు నుంచి ఇన్‌స్పెక్షన్ పూర్తయిన రోజు దాకా లెక్కపెట్టు.

ఏడాదికోసారి షెడ్డు మూసి లెక్కపెట్టడం దండగ. రోజూ ఐదారు ఐటమ్‌లు చాలు, స్టోర్ కీపర్ కాని మనిషి లెక్కపెట్టాలి. ఖరీదైనవి నెలకోసారి, మిగతావి మూడు నాలుగు నెలలకోసారి వంతుకి రావాలి. తేడా వస్తే అంకె దిద్దే ముందు కారణం పట్టుకో: స్లిప్పు రాలేదా, కిలోలూ పీసులూ కలిసిపోయాయా, రిజెక్ట్ అయినవి మంచి రాక్‌లో కూర్చున్నాయా? పోయిన సరుకుకి తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి తగ్గించుకున్నది) వెనక్కి కట్టాలి కనుక దిద్దుబాటు నీ సంతకం లేకుండా జరగకూడదు.

బయట గ్రైండింగుకీ ప్లేటింగుకీ వెళ్లిన సరుకూ నీ స్టాకే. దానికి జాబ్ వర్కర్ (ఆ పని చేసిచ్చేవాడు) పేరున లెక్కలో విడి లొకేషన్ పెట్టు. చలాన్ మీద పంపిన ముడి సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడవ్వాలి. లేకపోతే పంపిన రోజునే అమ్మినట్టు లెక్కేసి వడ్డీతో పన్ను అడుగుతారు. ముందు ఆ చలాన్ల ఫైలు తియ్యి. పది నెలలు దాటినవి ఏవైనా ఉంటే ఈ వారమే మనిషిని పంపి తెప్పించు.

మీ మామయ్య