ఎల్క్ వేటకు రికర్వ్ విల్లు: బ్రాడ్‌హెడ్ ఎంపికపై సమాధానం

ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకు మీ 50 పౌండ్ల లాగుడు బలమున్న రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు)తో వదిలిన మెకానికల్ బ్రాడ్‌హెడ్ (తాకగానే రెక్కలు విచ్చుకునే వేట మొన) లోతుగా దిగడం లేదని అడిగారు. దానికి మొదటి కారణం, రెక్కలు విచ్చుకోవడానికే బాణం తన శక్తిలో కొంత ఖర్చు చేయడం. ఫీల్డ్ పాయింట్ (సాధనకు వాడే రెక్కలు లేని మొన)తో సూటిగా వెళ్ళేది బ్రాడ్‌హెడ్‌తో ఎడమకు తొలగుతోందన్నారు. మీది కుడిచేతి వాటమైతే బాణపు కర్ర ఉండాల్సినదానికన్నా తక్కువ వంగుతోందని, అంటే బిగువు ఎక్కువైందని దాని అర్థం.

1. కదిలే భాగాలు లేని, రెండంచుల దృఢమైన ఉక్కు మొన తీసుకోండి. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర నిబంధన ప్రకారం దాని వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి. మీ విల్లు బలానికి 1⅛ అంగుళం దాటనవసరం లేదు.

2. బాణం మొత్తం బరువు 500 గ్రెయిన్లకు (సుమారు 32 గ్రాములు) తగ్గనివ్వకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. ఈకలు లేని బాణాన్ని ఈకలున్న వాటితోపాటు వదిలి చూడండి. అది ఎడమకు పడితే మొన బరువును 25 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, రెండూ ఒకేచోట పడేవరకు సరిచేయండి. ఆ తర్వాత బ్రాడ్‌హెడ్ బిగించి, మొనను బల్లపై ఆనించి బాణాన్ని బొంగరంలా తిప్పండి. మొన మొదలు వణికితే అది వంకరగా కూర్చున్నట్టే, విప్పి మళ్ళీ బిగించాలి. వంకరగా తాకిన బాణం ఎంత మంచి మొనతోనైనా పక్కటెముకల దగ్గరే ఆగిపోవచ్చు, గాయపడిన జంతువు బాధతో తప్పించుకుపోతుంది.

4. కొత్త మొననైనా ముంజేతి వెంట్రుకలు తెగేంత పదునుగా నూరి, జంతువు పక్కకు తిరిగి నిలిచినప్పుడే వదలండి.