ఇద్దరు తిక్కనలు అనొచ్చా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. తెలుగు ప్రాజెక్టులో "నెల్లూరులో ఇద్దరు తిక్కనలు ఉండేవారు, ఒకరు కవి, ఒకరు వీరుడు" అని రాస్తే, మనుషుల పేర్లకి బహువచనం ఉండదని టీచర్ గారు కొట్టేశారు. ఇది నిజమేనా? పైగా "తిక్క ఉన్నోడు కాబట్టి తిక్కన" అని పిల్లలు నవ్వుకున్నారట, వాడు చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చాడు. ఆ పేరుకి అసలు అర్థం ఏంటి? ఖడ్గతిక్కన అని కలిపి రాయాలా, విడిగానా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

సమాధానం: అమ్మా, బహువచనం సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది, కానీ ఆ పేరు సంగతి అలా తేలేది కాదు, అందుకే ముందు పేరు దగ్గరికే వస్తాను.

"తిక్క" అనే మాట ఇవాళ మనకి ఒక్క అర్థంలోనే వినిపిస్తోంది, కోపం, పిచ్చి, మొండితనం కలిసిన ఒక గుణం. సినిమా డైలాగుల పుణ్యమా అని అది ఇంకా గట్టిపడింది. ఆ ఒక్క అర్థం పట్టుకుని 13వ శతాబ్దం మనిషి పేరుని చదివెయ్యడం తప్పు. పిల్లల్ని అననులెండి, పెద్దవాళ్ళే యూట్యూబ్‌లో కూర్చుని తిక్కన అంటే తిక్కవాడు అని చెప్తుంటే పిల్లలు నవ్వక ఏం చేస్తారు. కొడుక్కి ఏ తల్లీ తండ్రీ పిచ్చివాడని పేరు పెట్టుకోరు, అదీ ఒకే ఇంట్లో ఇద్దరికి.

ముందు పేరుని విడదీసి చూడండి. తిక్కన అంటే తిక్క + అన్న. చివరి "న" మన "అన్న"యే, కుదించుకుపోయి ఒక్క నకారంగా మిగిలింది. పోతన, ఎఱ్ఱన, కేతన, మారన, పెద్దన, సూరన, వేమన అన్నీ ఇదే అచ్చులో పోసినవి. అయ్య చేరితే నన్నయ, అమ్మ చేరితే చానమ, ప్రోలమ. కాబట్టి అసలు పేరు "తిక్క" వరకే, మిగతాది గౌరవమో ఆప్యాయతో. దీనికి నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం వేమన. ఆయన పద్యం చివర "వినుర వేమ" అంటాడు గానీ వేమన అనడు. కొండవీటి రాజులు ప్రోలయ వేమారెడ్డి, అనవేమారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, అక్కడా ఆ "న" లేదు, ఎందుకంటే ఆ చోటు రెడ్డి ఆక్రమించింది. (ఈ పేరు కలవడం వల్లే కదా వేమనని కొండవీటి రాజుగారి తమ్ముణ్ణి చేసేసి కథలు అల్లింది. పేరొకటైతే చాలు మనవాళ్ళు చుట్టరికం కలిపేస్తారు.)

తిక్క విషయంలో సాక్ష్యం ఇంకా బాగుంది, అదీ మీ నెల్లూరుదే. కొట్టరువు వారింట మంత్రి భాస్కరుడి కొడుకుల్లో సిద్దన, కొమ్మన ఉన్నారు. సిద్దన కొడుకు ఖడ్గతిక్కన, కొమ్మన కొడుకు భారతం రాసిన తిక్కన సోమయాజి, అంటే అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరూ నెల్లూరు ఏలిన మనుమసిద్ధి రాజు దగ్గరే ఉన్నారు, ఒకాయన సేన నడిపించాడు, ఒకాయన మంత్రి. ఇక కాటమరాజు ఆవుల్ని మేపుకోడానికి నెల్లూరు సీమకొచ్చి పుల్లరి (పశువుల మేతకి కట్టే పన్ను) దగ్గర తగువు పడి యుద్ధం దాకా వెళ్ళిన కథ మీకు తెలిసే ఉంటుంది, గొల్లసుద్దుల వాళ్ళు ఇప్పటికీ పాడతారు. ఆ యుద్ధంలో మొదటిసారి ఖడ్గతిక్కన వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడట. స్నానానికెళ్తే భార్య చానమ మంచం చాటు పెట్టి, నీళ్ళ దగ్గర పసుపు ముద్ద పెట్టింది, ఇదేంటంటే ఈ ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్ళమే కదా అంది. తర్వాత అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ విరిగిపోయిన పాలు పోసింది. పాలు ఇలా ఉన్నాయేంటని అడిగాడు. అప్పుడామె చెప్పిందని ఒక కంద పద్యం చాటువుగా ఉంది, దాని చివరి పాదం ఇది:

"పసులున్ విఱిగినవి తిక్క! పాలున్ విఱిగెన్"

ఈ ఒక్క పాదం దగ్గర కాసేపు ఆగాలి. విరగడం అనే క్రియని ఆ తల్లి ఎలా వాడిందో చూడండి. యుద్ధంలో సేన విరిగింది అంటే వెన్ను చూపించి చెదిరిపోయింది అని. మేతకి పోయిన పశువులు విరిగాయి అంటే మళ్ళి వచ్చేశాయి అని. పాలు విరిగాయి అంటే పాడయ్యాయి అని. నువ్వు విరిగి వచ్చావు అనే మాటని పై పాదాల్లో పెట్టి, ఇక్కడ పశువుల్నీ పాలనీ పక్కన నిలబెట్టి ఊరుకుంది, ఇంక తిట్టాల్సిన పని లేదు. ఇప్పుడు మనం "మిల్క్ స్పాయిల్ అయిపోయింది" అంటాం, "ఆర్మీ రిట్రీట్ అయింది" అంటాం. విరగడం అనే మాటని కొమ్మలకీ ఎముకలకీ వదిలేశాం. అలా అనుకుంటే ఈ పద్యం మన పిల్లలకి ఎలా అందుతుంది చెప్పండి? పాలు విరిగాయి అనే మాట ఇంకా కొన్ని ఇళ్ళల్లో బతికే ఉంది, దాన్ని పోనివ్వకండి.

ఇక అసలు విషయం, తల్లి పిలిచిన పిలుపు "తిక్క!" అని. తిక్కన అని కాదు. ఇంట్లో పిలిచే పేరు అదే అని నేను ఎప్పట్నించో చెప్తున్నాను. దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది నేనే చెప్పాలి. కందంలో ఆ పాదంలో మూడో గణం, అంటే పై పాదంతో కలిపి లెక్కేస్తే ఆరోది, జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి. "వి తిక్క" సరిగ్గా జగణం. తిక్కన అని పెడితే ఒక మాత్ర ఎక్కువై పద్యం చెడుతుంది. కాబట్టి ఛందస్సు కోసమే "న" తీసేశారు అని ఎవరైనా అంటే కాదనలేం, పైగా చాటువు అంటే నోటి మీద నడిచొచ్చినది, శాసనంలాగా సాక్ష్యం పెట్టడానికి లేదు. అయినా ఆ పిలుపు కృతకంగా వినిపించదు నాకు, తల్లి నోట్లోంచి వచ్చినట్టే ఉంటుంది.

చాటువు వద్దు గట్టి సాక్ష్యం కావాలి అంటే ఇంకో తిక్క ఉన్నాడు. మనుమసిద్ధి తండ్రి, తెలుగు చోడుల్లో పెద్ద రాజు, పేరు చోడతిక్క, తిక్క భూపాలుడు. అంటే నెల్లూరు దర్బారు చుట్టూ ఇద్దరు కాదు ముగ్గురు! ఈ రాజుగారి ఏలుబడి కంచి దాకా సాగింది, అందువల్ల ఆయన ప్రస్తావన తమిళ శాసనాల్లో కూడా వస్తుంది, అక్కడ ఆయన పేరు తిరుక్కాళత్తి దేవుడు. తిరుక్కాళత్తి అంటే మన శ్రీకాళహస్తే. చరిత్రకారులు ఈ రెండు పేర్లూ ఒకరివే అని గుర్తించారు. ఇక్కణ్ణించి భాష వైపు చూస్తే నాకు తోచేది ఏంటంటే, తిరుక్కాళత్తిలో "రు" జారిపోయి తిక్క మిగిలింది. తిరుమల నుంచి తిమ్మ వచ్చిందని చాలామంది అంటారు కదా, నంది తిమ్మన, తిమ్మరుసు, ఇదీ అదే దారి. తిరుపతి నుంచి తిప్ప, తిప్పయ్య కూడా అలాగే వచ్చాయని నా ఊహ. పొడుగాటి దేవుడి పేరుని ఇంట్లో పిలుపుకి కుదించుకునేటప్పుడు ముందు అక్షరాన్ని పట్టుకుని పక్కదాన్ని ఒత్తడం మన నోటికి అలవాటే. వెంకటేశ్వర్లుని వెంకన్న అనడం లేదా?

అంటే కాళహస్తీశ్వరుడి పేరు పెట్టుకున్న పిల్లాడు తిక్క, తిక్కన. నెల్లూరు సీమకి కాళహస్తి ఎంత దగ్గరో మీకు నేను చెప్పక్కర్లేదు. తిక్కన సోమయాజి భారతాన్ని హరిహరనాథుడికి అంకితం ఇచ్చాడు, శివుణ్ణీ విష్ణువునీ కలిపి ఒకే దేవుడిగా కొలిచిన మనిషి పేరులో శివక్షేత్రం ఉండటం నాకు చాలా బాగుంటుంది. అలాగని దీన్నే ప్రమాణంగా రాసెయ్యమని చెప్పను, తిక్క అనేది దేశ్యపదమే, వేరే మూలం ఉంది అనే పండితులూ ఉన్నారు. మీ అబ్బాయిని మాత్రం "తిక్కన పేరుకి పిచ్చికి సంబంధం లేదు, కాళహస్తి పేరు నుంచి వచ్చి ఉండొచ్చు" అని చెప్పమనండి, ఆ "ఉండొచ్చు" తీసెయ్యకుండా.

ఇప్పుడు బహువచనం. పేర్లకి బహువచనం ఉండదనేది తెలుగు సూత్రం కాదు, ఎవరో ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం సగం చదివి తెచ్చిపెట్టిన నియమం (ఇంగ్లీషులో కూడా ఉంటుంది, అది వేరే సంగతి). మన ఊళ్ళల్లో "ఇద్దరు సుబ్బయ్యలు", "ముగ్గురు రామారావులు" అనని వాళ్ళు ఎవరు? పరశురాముడు, శ్రీరాముడు, బలరాముడు కలిసి ముగ్గురు రాములు. సంస్కృత భారతంలో కృష్ణార్జునులిద్దర్నీ కలిపి "కృష్ణౌ" అని ద్వివచనంలో అంటారు, ఎందుకంటే అర్జునుడి పది పేర్లలో కృష్ణ కూడా ఒకటి. వ్యాసుడూ కృష్ణుడే, ద్రౌపది కృష్ణ. ఆ పది పేర్లూ అర్జునుడు ఉత్తరుడికి చెప్పే ఘట్టం విరాటపర్వంలో ఉంది, దాన్ని తెలుగు చేసింది తిక్కనే. ఇక పేరు కలవడం వల్ల ఎంత జరుగుతుందో చూడాలంటే ద్రోణపర్వం చాలు, మాళవరాజు ఏనుగు పేరూ అశ్వత్థామే, ద్రోణుడి కొడుకు పేరూ అశ్వత్థామే, "కుంజరః" అనే ఒక్క ముక్క ధర్మరాజు మెల్లగా అన్నందుకు ద్రోణుడు అస్త్రాలు వదిలేశాడు. అదీ తిక్కన తెలుగు చేసిన పర్వమే. ఇంట్లో తన పేరుతోనే ఇంకో మనిషి తిరుగుతుంటే పెరిగినవాడు ఆ ఘట్టం రాశాడని గుర్తుపెట్టుకుని ఒకసారి చదవండి.

బహువచనంలో ఒక చిక్కు ఉంది, టీచర్ గారు దాని గురించి ఆలోచించి కొట్టేసి ఉంటే ఆయన మీద నాకు గౌరవమే. "తిక్కనలు" అంటే ఆ పేరున్న మనుషులు అని ఒక అర్థం, తిక్కన అంతటివాళ్ళు అని ఇంకో అర్థం. "ఈ కాలంలో తిక్కనలు ఎక్కడ పుడతారు" అన్నప్పుడు రెండోది. తుమ్మల సీతారామమూర్తి గారికి (1901–1990) అభినవ తిక్కన అని బిరుదు, అక్కడ కూడా రెండో అర్థమే. కానీ ముందు "ఇద్దరు" అని లెక్క వేశాక, వెంటనే ఒకరు కవి ఒకరు వీరుడు అని చెప్పాక, అయోమయం ఎక్కడుంది? నేనైతే కొట్టెయ్యను. పరీక్షలో గొడవ ఎందుకు అనుకుంటే "తిక్కన పేరుతో ఇద్దరు" అని రాయొచ్చు, అదీ తప్పు కాదు. మొదటిసారి పరిచయం చేసేటప్పుడు "ఇద్దరు తిక్కనలు", తెలిసినవాళ్ళ గురించి మళ్ళీ మాట్లాడేటప్పుడు "తిక్కనలిద్దరూ", ఈ తేడా మాత్రం పాటించమనండి. "తిక్కన యొక్క పెదనాన్న లేదా చిన్నాన్న యొక్క కుమారుడు" లాంటి వాక్యాలు ప్రాజెక్టుల్లో బోలెడు చూస్తున్నాను, వాటిని ఎవరూ కొట్టెయ్యరు, నాకు బాధ అక్కడ. అన్నదమ్ముల బిడ్డలు అని చక్కటి మాట ఉండగా రెండు "యొక్క"లు ఎందుకు?

ఇంకొకటి గమనించండి. మామూలుగా ఒకే పేరున్నవాళ్ళని మనం ఇంటిపేరుతో విడదీస్తాం, అల్లసాని పెద్దన, విన్నకోట పెద్దన. ఇక్కడ ఆ ఉపాయం పనిచెయ్యదు, ఇద్దరూ కొట్టరువు వాళ్ళే. అందుకే ఒకాయనకి పేరు ముందు ఖడ్గం, రణం వచ్చి చేరాయి, రణతిక్కన అని కూడా అంటారు. రెండో ఆయనకి పేరు తర్వాత సోమయాజి, అమాత్యుడు వచ్చాయి. తెలుగులో మనిషిని గుర్తుపట్టే గుణం ముందు నిలబడుతుంది (ముక్కు తిమ్మన), గౌరవం వెనక నిలబడుతుంది. ఈ ఏర్పాటు ఇంత సుఖంగా ఉంటే ఇప్పుడు ఇంటిపేరుని ఒక ఇంగ్లీషు అక్షరం చేసి కె. శ్రీనివాస్, పి. శ్రీనివాస్ అని పొడి అక్షరాలు మిగిల్చారు. కొట్టరువు కాస్తా కె అయిపోతే ఆ "కె" కొట్టరువో కూచిమంచో ఎవరికి తెలుస్తుంది? పిల్లల చేత కనీసం తెలుగు నోటుబుక్కు మీదైనా ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

ఖడ్గతిక్కన కలిపి రాయడమే నాకు ఇష్టం, సమాసం కాబట్టి. విడిగా "ఖడ్గ తిక్కన" అని అచ్చులో చాలాచోట్ల కనిపిస్తుంది, దాన్ని తప్పనను. "తిక్కన్న" అని నకారం ఒత్తి రాస్తే కూడా తప్పు లేదు, అసలు రూపం అదే కదా. మనుమసిద్ధిని గద్దె దించిన దాయాదుల పేర్లు అక్కన, బయ్యన. తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్ళి కాకతీయ రాజు గణపతిదేవుణ్ణి సాయం అడిగింది వాళ్ళ మీదే. ఆ అక్కన పేరే గోల్కొండలో 1686లో చనిపోయిన అక్కన్న, మాదన్నల దగ్గరికొచ్చేసరికి ఒత్తుతోనే నిలిచింది. "టిక్కన" మాత్రం రాయొద్దు, పలకొద్దు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదివే పిల్లల నోట అది ఈమధ్య తరచుగా వినపడుతోంది, నెల్లూరులో అయితే అసలు వినపడకూడదు.