పాఠకుల ప్రశ్నలు: గాజుల మాట

ప్రశ్న: దేవరకొండ ప్రాంతంలోని ఒక కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. మా కబడ్డీ జట్టు కుర్రాళ్లు ఆటలో దిట్టలే గాని, అదే మైదానంలో ఖోఖో సాధన చేసే ఇంటర్ అమ్మాయిలపై కామెంట్లు విసురుతున్నారు. ఈ మధ్య ఒకడు వాళ్లు పరుగెత్తుతుండగా వీడియో తీసి, అసహ్యమైన రాతలు జోడించి జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అమ్మాయిల సాధనను మధ్యాహ్నానికి మార్చి, ఒక అవగాహన సదస్సు పెడితే సరిపోతుందని ప్రిన్సిపాల్ అంటున్నారు. ఓడినప్పుడు నేను "గాజులు తొడుక్కున్నార్రా?" అని గదమాయిస్తే తలవంచుకునే పిల్లలు కనుక, నా మాట వింటారనే నమ్మకం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు వీడియో సంగతి తేల్చాలి, ఎందుకంటే అది సదస్సుతో సర్దుకునే తప్పు కాదు. ఇంటర్ చదివే అమ్మాయిల్లో చాలామందికి 18 ఏళ్లు నిండి ఉండవు. బాలికలపై లైంగికపరమైన వ్యాఖ్యలు, వేధింపులు 2012 నాటి పోక్సో చట్టం కిందికి వస్తాయి. అటువంటి నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం ప్రకారం శిక్షార్హమే. కనుక "పిల్లల భవిష్యత్తు పాడవుతుంది" అంటూ పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి రాజీ చేయించే అధికారం మీకూ లేదు, ప్రిన్సిపాల్‌కూ లేదు. ఆ వీడియోను మరొకరికి పంపకుండా, తొందరపడి తుడిచేయించకుండా షీ టీమ్‌కు గాని, 112కు గాని తెలియజేయండి. ఒక అధ్యాపకురాలిని వెంటబెట్టుకుని అమ్మాయిలతోను, వారి తల్లిదండ్రులతోను మాట్లాడండి. అందరి ముందు క్షమాపణ చెప్పించే తంతు మాత్రం వద్దు. ఆ అమ్మాయిలను అందరూ మరోసారి వింతగా చూడడానికే అది పనికొస్తుంది.

సాధన వేళ మార్చడం నాకు బొత్తిగా నచ్చలేదు. తప్పు చేసినవారికి సాయంత్రపు చల్లదనం, ఏ పాపమూ ఎరుగనివారికి నల్లగొండ ఎండ! మార్చక తప్పకపోతే కబడ్డీ వేళే మార్చండి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం స్టేడియాలను, క్రీడా శిక్షణ ప్రాంగణాలను పేరుపెట్టి మరీ తన పరిధిలోకి తెచ్చింది. ఇటువంటి ఫిర్యాదులు వినే మీ కళాశాల అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డుతోపాటు మైదానం గోడమీద కూడా కనిపించాలి.

ఇక గాజుల మాట. ఓడడమంటే ఆడదానిలా ఉండడమని, అంతకు మించిన అవమానం లేదని ఆ కుర్రాళ్లు మీ నోటినుంచే వింటూ వచ్చారు. మీకు ఆ ఉద్దేశం లేదని తెలుసు. బడిలో మా పీఈటీ సారు నోట అదే మాట వింటూ పెరిగిన నాకు కూడా అందులో తప్పుందని చాలా ఏళ్లు తోచలేదు. రేపు వార్మప్ కాగానే జట్టును కూర్చోబెట్టి, "ఇన్నాళ్లూ ఆ మాట అన్నాను, ఇక అనను, మీరూ అనకూడదు" అని చెప్పండి.

ఆపైన వారానికి పదిహేను నిమిషాలు కేటాయించి, ఒక్కో సందర్భాన్ని వారి ముందు పెట్టండి. బస్టాండులో జట్టువాడొకడు ఒక అమ్మాయి వెంటపడుతున్నాడు, నువ్వు పక్కనే ఉన్నావు, ఏం చేస్తావు? వెకిలి జవాబులు కూడా వస్తాయి, రానివ్వండి. అమెరికాలోని బోస్టన్‌లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో 1993లో మొదలైన ఎంవీపీ (మెంటర్స్ ఇన్ వయొలెన్స్ ప్రివెన్షన్) కార్యక్రమం విద్యార్థి క్రీడాకారులను రేపటి నేరస్తులుగా కాక, కళ్లముందు జరిగేదాన్ని ఆపగల తోటివారుగా భావించి ఇటువంటి చర్చలనే నడిపింది. ముంబైలో "పరివర్తన్" పేరుతో పాఠశాలల క్రికెట్ కోచ్‌లకు శిక్షణ ఇచ్చి, అబ్బాయిలతో ఈ మాటలు వారిచేతనే చెప్పించారు. బయటి వక్త సాయంత్రానికి వెళ్లిపోతాడు. ఎవరు ఆడాలో ఎవరు బెంచీ మీద కూర్చోవాలో నిర్ణయించేది మీరే. ఆ వీడియో తీసినవాడు మీ మేటి రైడరే అయినా విచారణ తేలేదాకా జట్టులో ఉండకూడదు. పోటీలు దగ్గరపడ్డాయని అతణ్ణి ఆడనిస్తే, మిగతా పదకొండుమంది గుర్తుపెట్టుకునేది మీ పదిహేను నిమిషాల చర్చను కాదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడుతున్నాను. మా కెప్టెన్ తన స్నేహితురాలి ఫోన్ లాక్కుని చూస్తాడు; ఒకసారి గేటు దగ్గర ఆమె చేయి మెలిపెట్టడం కళ్లారా చూశాను. అడిగితే "అది మా ఇద్దరి విషయం" అన్నాడు. గట్టిగా అంటే జట్టులోంచి తీయిస్తాడేమోనని భయంగా ఉంది.

జవాబు: కార్నర్‌లో ఉన్నవాడు ఒక్కడే కాలు పట్టబోతే రైడర్ విదిలించుకుని గీత దాటతాడని, కవర్‌లో ఉన్నవాడు తోడొస్తేనే పట్టు నిలుస్తుందని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మీరు చూసినది జట్టులో మరొకరు కూడా చూసే ఉంటారు. అతనితో కలిసి కోచ్ దగ్గరకు వెళ్లండి. అంతకన్నా ముందు ఆ అమ్మాయికి, వీలైతే ఆమె స్నేహితురాలి ద్వారా, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి, వేధింపులకు గురైన మహిళలకు అండగా నిలిచే సఖి కేంద్రం గురించి తెలియజేయండి. ఏం చేయాలన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి. మళ్లీ మీ కళ్లముందే అటువంటిది జరిగితే నీతులు చెప్పబోకండి, కలబడనూ వద్దు. "అన్నా, సారు పిలుస్తుండు, జల్ది రా" అని కేకేసి దగ్గరకు నడవండి. అతను తల తిప్పి చూసేసరికి ఆమె చేయి విడిపించుకునే వీలు దొరుకుతుంది.